న్యూయార్క్‌లో మూతపడ్డ స్టేషన్లు, పాడుబడ్డ భవనాలు: కంచె దూకకుండా ఏమేం చూడొచ్చు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. జెర్సీ సిటీలో ఉంటూ మాస్టర్స్ చదువుతున్న నలుగురు స్నేహితులు మీరు. న్యూయార్క్‌లో మూసేసిన సబ్‌వే స్టేషన్ల వీడియోలు, పాత సొరంగాల వీడియోలు, పాడుబడ్డ ఆస్పత్రుల వీడియోలు చూశారు. ఒక రాత్రి ప్లాట్‌ఫాం చివర దిగి అలా లోపలికి నడిచి చూసి రావాలనుకుంటున్నారు. ఎలాంటి బూట్లు, ఎలాంటి లైట్లు కావాలి, ఒకవేళ పట్టుబడితే జరిమానాతో పోతుందా అన్నది మీ ప్రశ్న.

పోదు. అందుకే చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతున్నాను. ప్రవేశం నిషేధమని బోర్డులు పెట్టిన రైలు దారిలోకి గానీ యార్డులోకి గానీ వెళ్తే న్యూయార్క్ రాష్ట్ర చట్టం ప్రకారం అది క్రిమినల్ ట్రెస్‌పాస్, అంటే అక్రమంగా చొరబడ్డ నేరం. చలానా కట్టి ఇంటికొచ్చే వ్యవహారం కాదు, అరెస్టు చేయొచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు. ఇక్కడి పౌరుడైతే లాయరును పెట్టుకుని ఎలాగో బయటపడతాడు. మీరు ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నారు. రేపు వీసా స్టాంపింగ్‌కి వెళ్తే డీఎస్-160 అనే దరఖాస్తు ఫారంలో అడిగేది శిక్ష పడిందా అని మాత్రమే కాదు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని కూడా. కోర్టు కేసు కొట్టేసినా ఆ గడిలో "అవును" అనే రాయాలి. గ్రీన్‌కార్డు ఫారంలోనూ అదే ప్రశ్న ఎదురవుతుంది. 2025 ఏప్రిల్‌లో దేశమంతా విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (ప్రభుత్వం దగ్గరుండే వాళ్ల చదువు, వీసా వివరాలు) రద్దు చేసినప్పుడు, చిన్న ట్రాఫిక్ కేసులున్నవాళ్లు, ఎప్పుడో కొట్టేసిన కేసులున్నవాళ్లు కూడా అందులో చిక్కుకున్నారు. కోర్టులకు వెళ్లాక చాలామందివి తిరిగి ఇచ్చారు. కానీ ఆ వారాల్లో ఆ పిల్లలూ, లోను తీసుకుని వాళ్లను పంపిన తల్లిదండ్రులూ పడ్డ టెన్షన్ నేను దగ్గర్నుంచి చూశాను. ఒక వీడియో కోసం అంత పణంగా పెట్టకండి.

ఇక "రాత్రిపూట రైళ్లు ఉండవు కదా" అని రాశారు. ఉంటాయి. న్యూయార్క్ సబ్‌వే 24 గంటలూ నడుస్తుంది. పైగా రాత్రిళ్లు మరమ్మతు రైళ్లు, చెత్త ఎత్తే రైళ్లు టైంటేబుల్‌లో లేకుండా తిరుగుతుంటాయి. పట్టాల పక్కనే ఉండే కరెంటు పట్టాలో 600 వోల్టులకు పైగా డైరెక్ట్ కరెంటు ప్రవహిస్తుంటుంది. దాని మీద చెక్క కప్పు ఉన్నంత మాత్రాన తగలదని కాదు, పక్క నుంచి తెరిచే ఉంటుంది. చాలాచోట్ల గోడకూ రైలుకూ మధ్య మనిషి నిలబడే జాగా లేదు. వంపుల్లో రైలు చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో తేల్చుకోలేం. పాత కట్టడాల తనిఖీ నా వృత్తి. పని మీద పట్టాల దగ్గరికి వెళ్లాలంటే మాకు కూడా ముందు ట్రాక్ భద్రత శిక్షణ తప్పనిసరి. రైళ్లను నెమ్మది చేయించే ఫ్లాగర్ తోడు లేకుండా అడుగు పెట్టనివ్వరు. ఇన్నేళ్ల అనుభవం ఉన్న సిబ్బందికే ఆ నియమం ఉందంటే దానికి కారణం, ఆ నియమం లేని రోజుల్లో పోయిన ప్రాణాలు. కాబట్టి బూట్ల గురించి, లైట్ల గురించి నేనేమీ చెప్పను.

అయితే మీ కోరిక మంచిదే. ఈ నగరం కింద ఇంకో నగరం ఉందని తెలిశాక చూడాలనిపించకపోతేనే ఆశ్చర్యం. నేను చెప్పేదల్లా, ఆ వీడియోల్లో ఉన్నదాంట్లో సగానికి పైగా ఒక్క సబ్‌వే టికెట్‌తో, పగటిపూట, కూర్చున్న సీటు నుంచి కనిపిస్తుందని. ఎక్కడ చూడాలో తెలియాలి. ఎక్కడో తెలియాలంటే ఆ స్టేషన్లు ఎందుకు మూతపడ్డాయో ముందు తెలియాలి.

కారణం చాలావరకు రైలు పొడవు. 1904 అక్టోబర్ 27న ఐఆర్‌టీ కంపెనీ మొదటి సబ్‌వే తెరిచినప్పుడు లోకల్ స్టేషన్ల ప్లాట్‌ఫాంలు సుమారు 200 అడుగులే, ఐదు బోగీల రైలుకు సరిపడా. జనం విరగబడ్డారు. రైళ్లు పొడిగిస్తూ పోయి చివరికి పది బోగీల దగ్గర ఆగారు. ఆ లైన్లలో ఒక్కో బోగీ 51 అడుగులు కాబట్టి 510 అడుగుల ప్లాట్‌ఫాం కావాలి. ఇప్పుడు మాన్‌హాటన్ లెక్క వేయండి. ఉత్తర దక్షిణాలుగా సుమారు 20 బ్లాకులు కలిస్తే ఒక మైలు, అంటే ఒక్కో బ్లాకు 264 అడుగులు. ప్లాట్‌ఫాంను 200 నుంచి 510కి పెంచితే అది ఇంకో బ్లాకు దాటి పాకుతుంది. లెక్సింగ్టన్ లైన్లో 14, 18, 23 వీధుల దగ్గర మూడు స్టేషన్లు నాలుగైదు బ్లాకుల ఎడంలో ఉండేవి. అటుది ఇటు, ఇటుది అటు పెరిగితే మధ్యలో ఉన్నదానికి పనేముంది? దాన్నీ తవ్వి పొడిగించే ఖర్చు కంటే మూసేయడం చవక. 18వ వీధి స్టేషన్‌ను 1948 నవంబర్ 8న మూశారు. ఇదే లెక్కతో బ్రాడ్‌వే లైన్లో 91వ వీధి స్టేషన్‌ 1959 ఫిబ్రవరి 2న, బ్రూక్లిన్ బ్రిడ్జ్ పక్కన వర్త్ స్ట్రీట్ స్టేషన్‌ 1962 సెప్టెంబర్ 1న మూతపడ్డాయి. ఈ మూడూ జనం ఎక్కువై మూతపడ్డ స్టేషన్లు.

ఈ లెక్క ఒకసారి బుర్రకెక్కితే సబ్‌వే మ్యాపు చదివే తీరే మారిపోతుంది. లోకల్ లైన్లో రెండు స్టేషన్ల మధ్య దూరం మిగతావాటికన్నా ఎక్కువగా కనిపిస్తే, మధ్యలో ఒకటి పోయిందేమోనని అనుమానం రావాలి. బ్రాడ్‌వే లైన్లో 86, 96 వీధుల మధ్య పది బ్లాకులు ఖాళీ. అక్కడే 91 ఉంది.

చూసే పద్ధతి చెబుతాను. 18వ వీధి కోసం 6 నంబరు రైల్లో 14వ వీధి యూనియన్ స్క్వేర్ నుంచి 23వ వీధి వైపు, 91వ వీధి కోసం 1 నంబరు రైల్లో 86 నుంచి 96 వైపు వెళ్లండి. రెండూ లోకల్ రైళ్లే, ప్లాట్‌ఫాం పక్క పట్టాల మీదే పోతాయి. మధ్యాహ్నం పూట రద్దీ తక్కువ. తలుపు దగ్గర నిలబడి, నుదురు అద్దానికి ఆనించి, రెండు చేతులూ కళ్లకు రెండు పక్కలా అడ్డం పెట్టండి. బోగీలోని వెలుతురు అద్దంలో పడి మీ మొహమే మీకు కనిపిస్తుంది, దాన్ని ఆపాలి. మొదట కనిపించేది మసిబారిన సొరంగం గోడ, కేబుళ్లు. ఉన్నట్టుండి గోడ వెనక్కి జరుగుతుంది. మీ కాళ్ల ఎత్తులో ఒక అంచు మొదలవుతుంది, అదే ప్లాట్‌ఫాం. స్తంభాలు ఒకదాని వెంట ఒకటి పరిగెడతాయి, వాటి వెనక గోడ నిండా రంగురంగుల గ్రాఫిటీ, దాని కింద అక్కడక్కడా 1904 నాటి తెల్ల పలకలు. కొన్ని సెకన్లలో గోడ మళ్లీ దగ్గరికి వచ్చేస్తుంది. మొదటిసారి మిస్సయితే ఎదురు రైలెక్కి వెనక్కి రండి, రెండోసారి కన్ను అలవాటు పడుతుంది.

జెర్సీ సిటీ నుంచి మాన్‌హాటన్‌కి మీరు రోజూ ఎక్కే పాత్ రైలు దారిలోనూ ఇలాంటి స్టేషన్ ఒకటి ఉంది. హడ్సన్ నది కింద సొరంగాలతో 1908లో మొదలైన ఆ లైన్లో 14, 23 వీధుల మధ్య 19వ వీధి స్టేషన్ ఉండేది. 1954లో మూసేశారు. 33వ వీధికి పోయే రైల్లో ఇదే పద్ధతిలో చూడండి.

ఇక సిటీ హాల్ స్టేషన్. మీరు చూసిన వీడియోలన్నిట్లో ఉండేది ఇదే, ఉండాల్సిందే. మొదటి సబ్‌వేకి అది మొదటి స్టేషన్. మేయరు కార్యాలయం ఎదుటి పార్కు కింద ఉంది కాబట్టి కంపెనీ ఖర్చుకు వెనకాడలేదు. హైన్స్, లాఫార్జ్ అనే ఆర్కిటెక్టుల డిజైన్. కప్పు గ్వాస్తవీనోది. రఫాయెల్ గ్వాస్తవీనో స్పెయిన్‌లోని వలెన్సియా నుంచి 1881లో అమెరికా వచ్చిన మేస్త్రీ-ఇంజనీరు. పల్చటి మట్టి పలకలను ఒక వరస మీద ఇంకో వరస, అతుకులు ఒకదాని మీద ఒకటి పడకుండా, సిమెంటుతో అతికించి వంపు కప్పులు కట్టేవాడు. బలం మందంలో లేదు, వంపులో ఉంది. బరువంతా అంచుల్లోకి జారిపోతుంది, మధ్యలో దూలాలు అక్కర్లేదు. నేను రోజూ కాంక్రీటు పగుళ్లు కొలిచే మనిషిని. 120 ఏళ్లుగా ఒక పార్కునీ దాని పైన తిరిగే జనాన్నీ మోస్తూ ఆ కప్పు అలాగే ఉండటం నాకు ఎన్నిసార్లు చూసినా అబ్బురమే.

ఆ అందమే దాని కష్టం కూడా. స్టేషన్ మొత్తం వంపు మీద ఉంది. రైలు వెనక్కి తిరిగే లూప్‌లో కట్టారు. పొట్టి రైళ్లు, బోగీ చివర్లలో తలుపులు ఉన్నన్నాళ్లూ సరిపోయింది. బోగీ మధ్యలో కూడా తలుపులు వచ్చాక, వంపులో ఆ మధ్య తలుపుకీ ప్లాట్‌ఫాంకీ నడుమ పెద్ద సందు ఏర్పడింది. పైగా నాలుగడుగుల దూరంలో ఎక్స్‌ప్రెస్‌లు ఆగే బ్రూక్లిన్ బ్రిడ్జ్ స్టేషన్ ఉండగా ఇక్కడ ఎక్కేవాళ్లు రోజుకు 600 మందే మిగిలారు. 1945 డిసెంబర్ 31న మూసేశారు. పట్టాలు మాత్రం ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి, 6 నంబరు రైలు దక్షిణ చివర చేరాక వెనక్కి తిరిగేది ఆ స్టేషన్ గుండానే.

అందుకే చూడటం ఇంత తేలిక. బ్రూక్లిన్ బ్రిడ్జ్-సిటీ హాల్ దగ్గర అందరూ దిగిపోతారు, మీరు దిగకండి. ఒకప్పుడు సిబ్బంది దింపేసేవాళ్లు, ఇప్పుడు కూర్చోనిస్తున్నారు. ఎవరైనా దిగమంటే వాదించకుండా దిగి తర్వాతి రైలు ఎక్కండి. రైలు పోయే దిశలో కుడివైపు ఉండండి. చక్రాలు వంపులో కీచుమంటూ మొదలెట్టాయంటే వచ్చేసినట్టే. పగలైతే పైకప్పు గాజుల్లోంచి వెలుతురు పడుతుంది. యుద్ధకాలంలో ఆ గాజులకు తారు పూసి కప్పేశారు, తర్వాత కొంత శుభ్రం చేశారు. వంపు తిరిగిన ప్లాట్‌ఫాం, వరసగా కమానులు, వాటి అంచుల్లో ఆకుపచ్చ, గోధుమరంగు పలకలు, గోడ మీద "సిటీ హాల్" అని స్టేషన్ పేరు కనిపిస్తాయి. ఆ తర్వాత రైలు ఉత్తరం వైపు ప్లాట్‌ఫాంలో ఆగుతుంది. మళ్లీ టికెట్ అక్కర్లేదు.

ప్లాట్‌ఫాం మీద కాలు పెట్టాలంటే మార్గం న్యూయార్క్ ట్రాన్సిట్ మ్యూజియం. సభ్యులకు మాత్రమే గైడ్‌తో టూర్లు పెడతారు. సభ్యత్వానికీ టికెట్‌కీ వేర్వేరుగా డబ్బు కట్టాలి, టికెట్లు పెట్టిన కాసేపట్లోనే అయిపోతాయి. నలుగురూ సభ్యులై, ఈమెయిల్ వచ్చిన వెంటనే కొనడానికి సిద్ధంగా ఉండండి. నా అభిప్రాయంలో ఈ నగరంలో ఆ డబ్బుకు అంత విలువైన గంట ఇంకోటి లేదు. టికెట్ దొరికేలోపు గ్వాస్తవీనో పనితనం ఊరికే చూడాలంటే గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్‌లో ఆయిస్టర్ బార్ అనే రెస్టారెంట్ ముందున్న కమానుల కింద నిలబడండి. ఎదురెదురు మూలల్లో ఇద్దరు గోడవైపు తిరిగి గుసగుసలాడితే వంపు వెంట మాట జారి అవతలివాళ్లకు వినిపిస్తుంది.

ఆ మ్యూజియమే ఒక మూతపడ్డ స్టేషన్ అని చాలామందికి తెలియదు. బ్రూక్లిన్‌లో 1936లో తెరిచిన కోర్ట్ స్ట్రీట్ స్టేషన్, జనం రాక 1946లో మూసేశారు. 1976లో అక్కడే మ్యూజియం పెట్టారు. మెట్లు దిగితే కింద నిజం ప్లాట్‌ఫాం, నిజం పట్టాలు, వాటి మీద పాత రైళ్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. పేము సీట్లున్న బోగీల్లో కూర్చోవచ్చు, సీలింగ్ ఫ్యాన్ల కింద అప్పటి ప్రకటనలు చదవొచ్చు. మీ నలుగురిలో ఎవరైనా రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లయితే సగం రోజు అక్కడే పోతుంది.

పూర్తిగా మూతపడకుండా సగం మాత్రమే చచ్చిపోయిన స్టేషన్లు నాకు ఇంకా ఇష్టం. జె, జడ్ రైళ్లు ఆగే చేంబర్స్ స్ట్రీట్ చూడండి. మున్సిపల్ బిల్డింగ్ అనే ఆకాశహర్మ్యం కింద 1913లో తెరిచారు. బ్రూక్లిన్ నుంచి వంతెనల మీదుగా వచ్చే రైళ్లకు మహా కూడలి అవుతుందని అంత పెద్దగా కట్టారు. 1967లో మాన్‌హాటన్ వంతెన రైళ్లను వేరే దారికి మళ్లించడంతో ఆ రద్దీ పోయింది. ఇప్పుడు మీరు ప్లాట్‌ఫాం మీద నిలబడి పక్కకు చూస్తే, ఎవరూ నడవని ప్లాట్‌ఫాంలు పెచ్చులూడిన పలకలతో, దుమ్ముతో అలాగే ఉంటాయి. గోడ మీద బ్రూక్లిన్ వంతెన బొమ్మ ఉన్న పలకల కోసం వెతకండి. అదే లైన్లో ఎసెక్స్ స్ట్రీట్ దగ్గర ప్లాట్‌ఫాం అవతల చీకట్లో విశాలమైన హాలొకటి ఉంది. అది విలియమ్స్‌బర్గ్ వంతెన దాటి వచ్చే ట్రాములు తిరిగే చోటు, 1908 నుంచి 1948 దాకా నడిచింది. అందులో భూగర్భ పార్కు కడతామని లోలైన్ పేరుతో కొందరు ఏళ్ల తరబడి ప్రయత్నించారు. నిధులు చాలక 2020లో ఆగిపోయింది.

ఇంకోటి తప్పక చూడండి. బ్రూక్లిన్‌లోని డీకాల్బ్ అవెన్యూ స్టేషన్‌లో మాన్‌హాటన్ వైపు పోయే బి రైలు గానీ క్యూ రైలు గానీ ఎక్కి కుడివైపు కిటికీలోంచి చూడండి. 1956లో మూసేసిన మర్టిల్ అవెన్యూ స్టేషన్‌లో 1980లో బిల్ బ్రాండ్ అనే కళాకారుడు 228 బొమ్మల పలకలు పెట్టాడు. వాటి ముందు సన్నటి నిలువు చీలికలున్న గోడ ఉంది. రైలు కదులుతుంటే చీలికల్లోంచి ఆ బొమ్మలు కదిలి సినిమాలా ఆడతాయి. మనం కదులుతాం, బొమ్మ నిలబడే ఉంటుంది. దాని పేరు మాస్‌ట్రాన్సిస్కోప్. చుట్టూ జనం ఫోన్లలో తలలు పెట్టుకుని ఉంటే మీ ఒక్కరికే ఆ సినిమా.

నేల మీద కూడా ఆనవాళ్లున్నాయి. బ్రూక్లిన్ హైట్స్‌లో 58 జొరాలెమన్ స్ట్రీట్ ముందు నిలబడండి. 1847 నాటి ఎర్ర ఇటుకల ఇల్లు, వరసలో మిగతా ఇళ్లలాగే ఉంటుంది. కిటికీ అద్దాలు మాత్రం నల్లగా, లోపల ఏమీ కనపడకుండా ఉంటాయి. అది ఇల్లు కాదు. ఈస్ట్ నది కింద 1908లో తెరిచిన సబ్‌వే సొరంగానికి గాలి ఆడే గొట్టం, అత్యవసర ద్వారం. చుట్టుపక్కల నివాసాలున్నాయి కాబట్టి ఫోటో తీసుకుని నెమ్మదిగా వచ్చేయండి.

వీడియోల్లో చెప్పే కథలను మాత్రం ఉన్నదున్నట్టు నమ్మొద్దు. గ్రాండ్ సెంట్రల్ దగ్గర వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్ కింద ట్రాక్ 61 అనే పట్టా ఉంది, అది నిజం. అక్కడ ఏళ్ల తరబడి నిలబడ్డ పాత బోగీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కోసం చేసిన కవచపు బోగీ అని గైడ్లతో సహా అందరూ చెప్పేవారు. అది మామూలు సామాన్ల బోగీ. 2019లో కనెటికట్‌లోని డాన్‌బరీ రైల్వే మ్యూజియానికి తరలించారు. కథ బాగుంది కాబట్టి ఎవరూ కాగితాలు వెతకలేదు.

కాగితాలు వెతికినవాడికి ఏం దొరుకుతుందో బాబ్ డైమండ్ చూపించాడు. బ్రూక్లిన్‌లో అట్లాంటిక్ అవెన్యూ కింద లాంగ్ ఐలాండ్ రైల్‌రోడ్ 1844లో సొరంగం కట్టింది. 1861లో మూసేశారు, తర్వాత అది ఎక్కడుందో కూడా జనం మర్చిపోయారు. డైమండ్‌కి అప్పటికి 20 ఏళ్లు. పాత పత్రాలు, పటాలు తిరగేసి, కోర్ట్ స్ట్రీట్ కూడలిలో ఒక మ్యాన్‌హోల్ దగ్గర దారి ఉండొచ్చని తేల్చాడు. 1980లో అందులోంచి దిగి, రెండడుగుల ఎత్తు కూడా లేని మట్టి సందులో సుమారు 70 అడుగులు పాకి అడ్డుగోడ చేరుకున్నాడు. గ్యాస్ కంపెనీ సాయంతో ఆ గోడకు కన్నం పెడితే అవతల సొరంగం చెక్కుచెదరకుండా ఉంది. తర్వాత చాలా ఏళ్లు ఆయనే జనాన్ని నిచ్చెన మీద దింపి చూపించాడు. 2010లో నగరం ఆ టూర్లు ఆపేసింది. 2021లో ఆయన చనిపోయారు, సొరంగం మళ్లీ తెరవలేదు. నాకది ఇప్పటికీ బాధే. కానీ ఆయన పద్ధతి మీకూ అందుబాటులో ఉంది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ పాత మ్యాపుల స్కాన్లు ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టింది. మీ వీధి మ్యాపు తెరిచి, 100 ఏళ్ల కిందటి మ్యాపు పక్కన పెట్టి చూడండి. రైలు దారులు, కర్మాగారాలు, కాలువలు బయటపడతాయి.

ఫ్రీడమ్ టన్నెల్ గురించి కూడా రాశారు. రివర్‌సైడ్ పార్కు కింద, 72వ వీధి నుంచి దాదాపు 125వ వీధి దాకా ఉన్న రైలు సొరంగం అది. సరుకు రైళ్లు ఆగిపోయాక ఇల్లు లేని మనుషులు అక్కడ గుడిసెలు వేసుకుని ఏళ్లపాటు బతికారు. 1991లో ఆమ్‌ట్రాక్ అనే జాతీయ రైలు సంస్థ మళ్లీ రైళ్లు మొదలెట్టినప్పుడు వాళ్లను ఖాళీ చేయించారు. ఇప్పుడు అక్కడ రైళ్లు జోరుగా పోతాయి, నడిచి వెళ్లడం ప్రాణాలతో చెలగాటం. నాకు ఇంకో అభ్యంతరం ఉంది. ఇలాంటి చోట్ల ఇప్పటికీ ఎవరో ఒకరు తలదాచుకుంటుంటారు. చీకట్లో టార్చి వేసుకుని, కెమెరా పట్టుకుని నలుగురు వస్తే ఆ మనిషికి ఎలా ఉంటుంది? మన ఇంట్లోకి అలా ఎవరైనా వస్తే ఊరుకుంటామా? పెన్ స్టేషన్ నుంచి యోంకర్స్‌కి ఆమ్‌ట్రాక్ ఎక్కండి. బయల్దేరిన కాసేపటికి ఆ సొరంగంలోంచే పోతుంది. పైన జాలీల్లోంచి వెలుతురు స్తంభాల్లా దిగుతూ కనిపిస్తుంది.

పాడుబడ్డ భవనాల దగ్గరికి వస్తే, ఇక్కడ నా వృత్తి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1900 నుంచి 1940ల దాకా న్యూయార్క్‌లో చాలా అంతస్తుల స్లాబులు సిండర్ కాంక్రీటుతో వేశారు. కంకర బదులు బొగ్గు కాల్చిన బూడిద గడ్డలు కలిపేవారు, చవక, తేలిక. ఆ బూడిదలో గంధకం ఉంటుంది. పైకప్పు బాగున్నన్నాళ్లూ ఏమీ కాదు. కప్పు కారి నీళ్లు దిగడం మొదలైతే ఆ గంధకం లోపలి ఇనుప వలను తినేస్తుంది. పైనుంచి చూస్తే నేల గట్టిగా, చదునుగా ఉంటుంది. కింద వల పోయి ఉంటుంది. అడుగుతో తట్టి చూస్తే తెలుస్తుందని వీడియోల్లో చెబుతున్నారు. తెలియదు. మేమైతే కింది అంతస్తు నుంచి చూసి, పెచ్చు కొట్టి, ముక్క తీసి పరీక్షకు పంపాక కూడా సందేహం ఉంటే చెక్క పలకలు వేసుకుని నడుస్తాం. ఆస్‌బెస్టాస్, సీసం కలిసిన రంగు పొడి, గుట్టలుగా పేరుకున్న పావురాల రెట్ట వీటికి అదనం. ఆ రెట్ట దుమ్ము పీల్చితే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది.

మీకు ఆస్పత్రి చూడాలని ఉంది కదా, ఈ ప్రాంతంలో అన్నిటికన్నా మంచిది మీ ఇంటి ఎదురుగానే ఉంది. ఎల్లిస్ ఐలాండ్ దక్షిణం వైపు ఉన్న వలసదారుల ఆస్పత్రి. 1892 నుంచి 1954 దాకా ఆ ద్వీపం గుండా సుమారు 1.2 కోట్ల మంది అమెరికాలో అడుగుపెట్టారు. జబ్బు అనుమానం ఉన్నవాళ్లను ఈ ఆస్పత్రిలో ఉంచేవారు. ద్వీపం మూతపడ్డాక దశాబ్దాలు చెట్లు మొలిచి పడి ఉంది. 2014 నుంచి సేవ్ ఎల్లిస్ ఐలాండ్ సంస్థ హార్డ్ హ్యాట్ టూర్లు నడుపుతోంది. హెల్మెట్ పెట్టి లోపలికి తీసుకెళ్తారు. ఊడిన పెచ్చులు, తుప్పు పట్టిన మంచాల గదులు, శవపరీక్ష గది, పొడవాటి వంపు కారిడార్లు, వాటి గోడల మీద జేఆర్ అనే ఫ్రెంచి కళాకారుడు అతికించిన అప్పటి వలసదారుల ఫోటోలు కనిపిస్తాయి. బాగుచేసి మెరిపించలేదు, కూలిపోకుండా ఆపి ఉంచారు, అంతే. వీసా స్టాంపు కోసం ఎదురుచూసిన మనలాంటివాళ్లకు ఆ వార్డుల్లో నిలబడితే కలిగే భావం వేరు. ఒక తల్లి లోపల, పిల్లలు బయట, ఎవరిని పంపిస్తారో ఎవరిని ఆపుతారో తెలియని రోజులు అవి.

పడవ లిబర్టీ స్టేట్ పార్కు నుంచే బయల్దేరుతుంది. అక్కడే 1889 నాటి సెంట్రల్ రైల్‌రోడ్ టెర్మినల్ ఉంది. ఎల్లిస్ నుంచి వచ్చిన లక్షల మంది ఇక్కడే రైలెక్కి దేశంలోకి వెళ్లారు. 1967లో మూసేశారు. ముందు హాలు బాగుచేశారు, వెనక 20 పట్టాల రైలు షెడ్డు మాత్రం అలాగే వదిలేశారు. తుప్పు స్తంభాల మధ్య చెట్లు ఏపుగా పెరిగాయి, కంచె ఇవతల నుంచి పూర్తిగా కనిపిస్తుంది. సాయంత్రం ఎండ పక్క నుంచి పడేటప్పుడు ఫోటోలకు అంతకన్నా మంచి చోటు జెర్సీ సిటీలో లేదు.

రూజ్‌వెల్ట్ ఐలాండ్ దక్షిణ కొసన మశూచి ఆస్పత్రి శిథిలం ఉంది, 1856 నాటిది. సెయింట్ పాట్రిక్స్ కెథెడ్రల్ కట్టిన జేమ్స్ రెన్విక్ దీనికి ఆర్కిటెక్టు. లోపలికి పోనివ్వరు, బయటి నుంచి కిటికీల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. 59వ వీధి నుంచి రోప్‌వేలో వెళ్లండి. ఇక జేఎఫ్‌కేలో ఎవరినైనా దింపడానికి వెళ్తే టెర్మినల్ 5 పక్కన టీడబ్ల్యూఏ అనే పాత విమాన సంస్థ టెర్మినల్ భవనంలోకి వెళ్లి చూడండి. 1962లో తెరిచి, 2001లో మూసి, 2019లో హోటల్‌గా తిరిగి తెరిచారు. ఎర్ర తివాచీ పరిచిన గొట్టాల్లాంటి దారుల్లో ఎవరైనా నడవొచ్చు.

ఫోటోల సంగతి. సబ్‌వేలో సొంత అవసరానికి ఫోటోలు తీసుకోవచ్చు. ట్రైపాడ్, లైట్లు మాత్రం వాడకూడదు. మూతపడ్డ స్టేషన్లకు ఫోన్ లెన్సును అద్దానికి పూర్తిగా ఆనించి, చుట్టూ నల్ల జాకెట్ అడ్డం పెట్టి వీడియో తీసి, తర్వాత అందులోంచి ఫ్రేములు ఎంచుకోండి.

మొదటి శనివారానికి నా సలహా ఇది. పాత్ దిగి 6 ఎక్కి సిటీ హాల్ లూప్ చూడండి, పైకెక్కకుండానే పక్కనున్న చేంబర్స్‌కి మారి జె ప్లాట్‌ఫాం చూడండి, అక్కడి నుంచి బ్రూక్లిన్ వెళ్లి మ్యూజియం, నడిచి జొరాలెమన్, తిరుగు ప్రయాణంలో డీకాల్బ్ నుంచి క్యూ. ఎల్లిస్‌కి వేరే రోజు పెట్టుకోండి, టికెట్ ముందే కొనాలి. ఏటా అక్టోబర్‌లో ఓపెన్ హౌస్ న్యూయార్క్ వారాంతం ఉంటుంది, 2003 నుంచి జరుగుతోంది. మామూలు రోజుల్లో తాళం వేసి ఉండే ఎన్నో చోట్లను ఆ రెండు మూడు రోజులు తెరుస్తారు. కొన్నిటికి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, మంచివి త్వరగా నిండిపోతాయి. వాళ్లు వాలంటీర్లను కూడా తీసుకుంటారు. మీ నలుగురూ వేసవి చివర్లోనే పేర్లు ఇవ్వండి.